సున్నం కాని రాళ్ళు

మొరం గుంతలో గడ్డపార మొన తగిలి బయటపడ్డ కాలి ఎముకను చూడగానే అది తన పెనిమిటిదని దేవమ్మకు తెలిసిపోయింది.

మోకాలికీ చీలమండకూ నడుమ ఎముక ఉబ్బి, కాస్త వంకర తిరిగి అతుక్కుని ఉంది. లాజరు తాటిచెట్టు మీద నుంచి పడినప్పుడు కట్టు కట్టినవాడు వెదురుబద్దలు సరిగ్గా బిగించలేదు. ఆ బుడిపె మీద రోజూ ఆముదం రాసిన చెయ్యి ఆమెది. కళ్ళు మూసుకున్నా ఆ చేతికి అది తెలుస్తుంది.

నెత్తి మీది తట్ట పక్కన పడేసి గుంతలోకి దూకింది.

"ముట్టకు దేవక్కా!" గట్టు మీద నుంచి సాలి అరిచింది. సాలిది రోడ్డవతలి తండా. ఇద్దరూ జతగా మొరం మోస్తారు. "ఎవరిదో ఏమో, గాలి సోకుతది!"

దేవమ్మ వినిపించుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తీయసాగింది. ఎర్రమొరం గోళ్ళలోకి దిగుతున్నా ఆపలేదు. నడుము ఎముక. చేతివేళ్ళు. మట్టిరంగుకు తిరిగిన చొక్కా పేలిక. పక్కటెముకల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

అక్కడ తెల్లటి గుండ్రాళ్ళు ఉన్నాయి. గడ్డపార దెబ్బకు ఒకటి రెండు చెదిరాయి గానీ మిగతావి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గొంతు కింద నుంచి కడుపు దాకా ఒక వరస. దానికి అడ్డంగా, రొమ్ము మీద, ఇంకో వరస.

"సాలీ, జర వంగి సూడు. ఏం కనబడుతున్నది నీకు?"

సాలి గట్టు అంచున కూర్చుని మెడ చాచింది. గాజులు నిండిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ ప్రార్థన పాక మీద ఉంటది సూడు... గది."

"సిలువ," అంది దేవమ్మ.

అప్పటికి పని ఆగిపోయింది. సూర్యాపేట నుంచి కోదాడ పోయే రోడ్డు వెడల్పు చేస్తున్న కూలీలంతా గుంత చుట్టూ మూగారు. సగం మంది తండా వాళ్ళు, సగం మంది దేవమ్మ పల్లె వాళ్ళే. మేస్త్రీ లింగన్న కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని తొంగి చూశాడు.

"ఇగ పని బంద్. సూర్యాపేట ఠాణాకు కబురు పంపాలె. అమీన్ సాబు వచ్చిందాక ఎవరూ ఏం ముట్టొద్దు."

"అమీన్ సాబు ఎందుకొస్తడు మేస్త్రీ? యూనియన్ మిలిట్రీ వచ్చినకాంచి ఏ గుంత తవ్వినా ఎవనియో ఒకని బొక్కలు ఎల్తనే ఉన్నయి," అన్నాడొక కూలీ.

"ఎవనియో కావు," అంది దేవమ్మ గుంతలో నుంచే. "మా ఇంటాయనయి."

 పల్లె ఆడవాళ్ళలో ఒకామె తట్ట చంకన పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"జగ్గయ్యపేటల కొత్త సంసారం పెట్టిండంటిరి గదా," అంది ఇంకొకామె నెమ్మదిగా. "గీడ పండుకున్నడా?"

బిక్షం గడ్డపార మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. ఎముకలను మొదట తవ్వి తీసింది అతనే. పోయిన ఎండాకాలం వాగు లోయలో దాక్కున్న సంగం వాళ్ళు ఇద్దరిని రజాకార్ల క్యాంపు వాళ్ళు పట్టుకుని కాల్చేశారు. అందులో ఒకడు బిక్షం తమ్ముడు. లోయ జాడ చెప్పింది లాజరేనని పల్లె పల్లెంతా నమ్మింది, ఎందుకంటే లాజరు ఆ రోజు నుంచే కనపడలేదు.

"అమ్ముకున్నోనికి కూలి ముట్టిందన్నమాట," అన్నాడు బిక్షం. గడ్డపార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సూర్యాపేట నుంచి సైకిలు మీద జవాను వచ్చి, వారసులు ఉంటే తీసుకుపోయి పెట్టుకోమన్నాడు. దేవమ్మ ఎముకలను మొరం మోసే తట్టలోనే సర్దింది. రాళ్ళను కొంగున మూటగట్టుకుంది. తట్ట నెత్తి మీద పెట్టుకుని చిలుకూరు దారి పట్టింది. అంత మనిషి ఒక్క తట్టలో ఒదిగిపోయాడు. మొరం కంటే తేలిక. 

*

అత్త ఉప్పలమ్మ ఏడవలేదు. గుడిసెలో మూలన దించిన తట్ట మీది గుడ్డ తొలగించి చూసి, మళ్ళీ కప్పింది.

"వచ్చినవా కొడుకా," అంది. "ఎంత ఆలిశం జేసినవురా!"

తర్వాత అంబలి పోసి తెచ్చి ఒక ముంత తట్ట పక్కన పెట్టింది. దేవమ్మ వద్దనలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి గుడిసె ముందు నుంచి ఎవరూ నడవలేదు. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు చుట్టూ తిరిగి చేను గట్టు మీదుగా పోయారు. వడగాలికి తాటాకు చూరు గీసుకుంటూ ఉంటే ఆ చప్పుడు ఒక కాలు ఈడ్చి వేసే మనిషి నడకలా వినిపించింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా. దేవమ్మ రెండుసార్లు లేచి బయటికి వచ్చి చూసింది. ఎండ తప్ప ఏమీ లేదు.

పొద్దు వాలాక పల్లె పెద్ద మత్తయ్య వచ్చాడు. వెనకాల బిక్షం, మరి కొందరు. మత్తయ్య లోపలికి రాలేదు. గడప బయటే కింద కూర్చున్నాడు.

మత్తయ్య అంటే దేవమ్మకు ప్రాణం. లాజరు పోయిన కొత్తలో పల్లె మొత్తం మొహం తిప్పుకుంటే, ఆ ముసలాయన ఒక్కడే ఒడిలో జొన్నలు పోసుకుని వచ్చి ఇదే గడప మీద గుమ్మరించాడు. కలుపుకు ఎవరూ పిలవకపోతే లింగన్న చేతులు పట్టుకుని రోడ్డు పని ఇప్పించాడు.

"యేడ పెడుదామనుకుంటున్నవ్ బిడ్డా?" అని అడిగాడు మత్తయ్య.

"తాళ్ళ కాడ బొందలగడ్డల, మనోళ్ళ పక్కన పెడుదాం మామా. ఇంకేడ పెడ్త?"

"మా తమ్ముని పక్కన పెట్టనియ్య," అన్నాడు బిక్షం. "నేను బతికుండంగ పెట్టనియ్య. జాడ చెప్పిచ్చుకున్నరు, పనైనంక వాన్ని గూడ ఏసిండ్రు. అంతే గదా? దొరికిన గుంతలనే పూడ్చు."

"క్యాంపోళ్ళు ఏస్తే సిలువ పెడ్తరా అన్నా?" దేవమ్మ కొంగు విప్పి రాళ్ళను గడప మీద పోసింది. "ఇవి రొమ్ము మీద ఉన్నయి. సాలి గూడ సూసింది. మనోళ్ళే ఎవరో పెట్టిండ్రు. పెట్టినోళ్ళకు ఏం జరిగిందో ఎరుకే. గది తెలిసిందాక నా మొగన్ని అమ్ముకున్నోడు అనకుండ్రి."

రాళ్ళు దొర్లి మత్తయ్య మోకాలి దాకా వచ్చాయి. ఆయన మోకాలు వెనక్కి లాక్కున్నాడు. రాళ్ళ వంక జాలిగా చూశాడు. చెయ్యి మాత్రం చాచలేదు.

"ఆ గుంత నిండ సుద్దరాళ్ళే బిడ్డా. వాన నీళ్ళకు కొట్టుకొచ్చి పడుంటయి. కడుపు మండుతున్నది గనక నీకు సిలువ కనబడ్డది."

"సుద్దరాళ్ళు కావు మామా. మన కృష్ణ రాళ్ళు."

ఆ మాటకు అందరూ ఒకసారి వంగి చూశారు. పల్లెలో బాప్తిస్మం తీసుకున్న వాళ్ళంతా మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో మునిగారు. మునిగి లేచిన చోట కాళ్ళ కింద నుంచి ఎవరి తెల్లరాయి వాళ్ళు తీసుకుని వచ్చారు. పెద్దవాళ్ళకు గుప్పెడంత, పసివాళ్ళకు రేగుపండంత. రాయి ఇంట్లో గూట్లో ఉంటుంది. మనిషి పోతే రాయి కూడా పోతుంది, గుండెల మీద పెట్టి మట్టి కప్పుతారు. రాయి లేకుండా పోయిన మనిషిని పైన ఎవరూ గుర్తుపట్టరని ముసలివాళ్ళ నమ్మకం.

"తెల్లగున్నయల్ల కృష్ణ రాళ్ళయితయా?" అన్నాడు బిక్షం. "కోదాడ చుట్టూ ఉన్నదంత సున్నపు రాయే."

"ఆదివారం రాజారత్నం అయ్యగారు వస్తడు," అన్నాడు మత్తయ్య లేస్తూ. "ఆయన ఎట్ల చెప్తే గట్ల చేద్దాం. గుంత కాడ పెట్టమంటే ఆడనే పెడుదాం. నేను వచ్చి ప్రార్థన చేస్త బిడ్డా, నువ్వు రంధి పడకు."

*

దేవమ్మ ఆదివారం దాకా ఆగలేదు. మర్నాడు పనికి పోకుండా కోదాడ నడిచి వెళ్ళింది. రాజారత్నం అక్కడ మిషన్ బడిలో పంతులు. ఆదివారాలు చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థన చేయిస్తాడు. బడి వదిలాక ఆమె కొంగు విప్పి రాళ్ళు బల్ల మీద పోస్తే కళ్ళజోడు సర్దుకుని, ఏమీ అడగకుండా ముందు అన్నీ కడిగించాడు.

"సుద్దరాయి కూడా తెచ్చావా? మంచిపని చేశావు."

ఇంట్లో నుంచి నిమ్మకాయ తెప్పించి కోశాడు. సుద్దరాయి మీద పిండితే సన్నగా చిటపటమని నురగ లేచింది. తెల్లరాళ్ళ మీద పిండితే రసం ఊరికే జారిపోయింది. చాకు తీసి సుద్దరాయిని గీకితే పొడి రాలింది. తెల్లరాయిని గీకితే రాయికి ఏమీ కాలేదు. చాకే అరిగి రాయి మీద నల్లటి గీత పడింది. ఆ గుండ్రాళ్ళలో విరిగిన అంచు ఉన్నదాన్ని ఏరి లాంతరు గాజు మీద ఒత్తి లాగాడు. గాజు కీచుమని గీరుకుపోయింది.

"ఇది పలుగురాయమ్మా. పలుగు మన గుట్టల్లోనూ ఉంటుంది. కాని గుట్ట పలుగు అంచులు చేతులు కోస్తాయి. ఇవి చూడు, కోడిగుడ్డులా ఉన్నాయి. ఏళ్ళ తరబడి నీళ్ళలో దొర్లితే గాని ఇంత నునుపు రాదు. మన వాగులు నాలుగు నెలలు పారే వాగులు, వాటి వల్ల కాదు."

ఒక రాయిని వెలుతురుకు ఎత్తి చూపించాడు. దాని ఒంటి నిండా గోటితో నొక్కినట్టు చిన్న చిన్న నెలవంక గీతలు.

"వరదలో ఒకదానికొకటి కొట్టుకున్న దెబ్బలు ఇవి. పెద్ద నది రాళ్ళు." జేబులో నుంచి తన రాయి తీసి పక్కన పెట్టాడు. అదే తెలుపు, అవే గీతలు. "నేనూ వాడపల్లిలోనే మునిగాను. నీ మాట నిజం. వీటిని ఎవరో చేత్తో పట్టుకొచ్చి పెట్టారు."

ఆ తర్వాత ఆయన రాళ్ళను చిన్నా పెద్దా వరసగా పేర్చి చాలాసేపు చూశాడు. రేగుపండంతవి రెండు ఉన్నాయి.

"ఒక్కరివి కావు ఇవి. పిల్లలున్న ఒక ఇంటివి. దేవమ్మా, మీ పల్లెలో రాళ్ళు లేని ఇల్లు ఏది?"

దేవమ్మ ఇల్లిల్లూ తలుచుకుంది. అందరి గూళ్ళూ ఆమెకు తెలుసు.

"మత్తయ్య మామ ఇంట్లనే లేవు అయ్యగారూ. ఆయనయి పాపం, క్యాంపోళ్ళు ఇల్లు కాల్చినప్పుడు కాలి సున్నమైపోయినయి. ఆయన ఇంటామె అచ్చమ్మత్త వానకాలం సచ్చిపోతే రాయి లేకుండనే పంపిచ్చినం. ఆ ముసలాయన మొకం ఆనాడు సూడలేకపోయినం."

"అవునవును, విన్నాను." రాజారత్నం నిట్టూర్చాడు. "అయితే మీ పల్లె కాదు. వాడపల్లిలో మునిగినవాళ్ళు ఎన్ని ఊళ్ళలో లేరు! దారిన పోయే పుణ్యాత్ముడెవడో శవం చూసి పూడ్చి ఉంటాడు. రాళ్ళ సంగతి నేను చెబుతాను. కాని బిక్షాన్ని ఒప్పించడానికి అది చాలదమ్మా. పూడ్చినవాడు దొరకాలి."

తిరుగుదారి మైళ్ళకొద్దీ సాగింది. పూడ్చినవాడు ఎక్కడో ఉన్నాడు. ఆదివారం లోపు దొరకకపోతే లాజరు మళ్ళీ ఆ గుంతలోకే పోతాడు, రోడ్డు మేస్త్రీ మిగిలిన మొరం తవ్వించుకుంటాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త కనపడలేదు. తట్ట పక్కన గొంగడి ఒకటి గుట్టలా లేచి ఉంది. దాని లోపల నుంచి కరకరమని చప్పుడు, ఏదో కాలిన వాసన.

"అత్తా!"

"ఇటు రా. పైకెత్తకు. కింద నుంచి దూరి రా."

దేవమ్మ గొంగడి కిందికి పాకింది. లోపల కారుచీకటి. చెమట వాసన, ఊలు వాసన, మండీ మండని అగ్గి వాసన. ముసలిది గూట్లో నుంచి తీసిన లాజరు రాయిని తన రాయితో గట్టిగా రాసింది. రాళ్ళ లోపల నుంచి పాలపసుపు వెలుగు మిణుకుమంది. నిప్పురవ్వ కాదు, రాయి లోపల ఎవరో దీపం పట్టుకుని ఇటు నుంచి అటు పోయినట్టు.

"చిన్నప్పుడు గిట్లనే రాసి రాసి ఆడెటోడు. వాడు వచ్చిండు సూడు. నేను పిలిస్తే పలుకుతుండు."

ఉప్పలమ్మ మళ్ళీ రాసింది. ఆ వెలుగులో ముడతలు పడ్డ మొహం ఒక్క క్షణం కనపడి మాయమైంది. ఆ మొహం నవ్వుతోంది.  దేవమ్మ బయటికి పోలేదు. అత్త చేతులు అలిసిపోయేదాకా అక్కడే ఉంది.

*

ఆదివారం పొద్దున్నే సాలి వచ్చింది. తండా నుంచి రొట్టెలు మూట కట్టి తెచ్చింది. లోపలికి రమ్మంటే తట్ట వంక చూసి గడపలోనే చతికిలబడింది.

"పనిల నువ్వు లేకపోతే నాకు జత దొరకలే దేవక్కా. లింగన్న నన్ను ముసల్దానికి జతేసిండు. అది తట్ట సగమే నింపుతది, అరుపులు మాత్రం నిండ అరుస్తది."

దేవమ్మ నవ్వలేకపోయింది. సాలి గడప మీద ఆరబెట్టిన తెల్లరాళ్ళను ఒక్కొక్కటే తీసి అరచేతిలో ఎగరేసి చూసింది.

"పలుగు! దీనితోటి నేను పడ్డ పరేషాన్ ఇంతంత గాదు. పెండ్లి గాక ముందు మిర్యాలగూడ తొవ్వల సున్నం బట్టీల పనిచేసిన గదా. రాళ్ళు బట్టీల ఏసే ముందు పలుగు ఏరి అవతల పారేసుడే నా పని. ఒక్కటి ఉన్నా మేస్త్రీ తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టేటోడు."

"ఎందుకు, అది గూడ తెల్లగనే ఉంటది గదా?"

"తెల్లగుంటే ఏం లాభం? సుద్ద కాలితే సున్నమైతది. పలుగు కాలితే సున్నం గాదక్కా. పటపట పగులుతది, ఎగిరి మీద పడ్తది. బట్టీ ఆర్పినంక సూస్తే రాయి రాయే ఉంటది."

దేవమ్మ చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది.

"ఎంత కాల్చినా?"

"నాలుగు దినాలు కాలుతది బట్టీ. నీకెందుకు పానం పాడు చేసుకుంటవ్? తిను."

సాలి వెళ్ళిపోయాక దేవమ్మ పొయ్యి ముందు కూర్చుంది. గూట్లో నుంచి తన రాయి తీసింది. తన గుండెల మీద పోవలసిన రాయి. ఒక్క క్షణం చెంపకు ఆనించుకుని పొయ్యిలో పెట్టింది. పక్కనే ఒక సుద్దరాయి పెట్టింది. మీద పిడకలు పేర్చి, తుమ్మమొద్దులు దోపి, గొట్టంతో ఊదింది. పొగకు కళ్ళు మండుతున్నా లేవలేదు. కాసేపటికి లోపల టప్పుమని పేలింది. ఆమె ఉలికిపడింది గానీ ఊదడం ఆపలేదు. మొద్దులు బూడిదయ్యేదాకా కూర్చుని, కర్రతో రెండు రాళ్ళనూ బయటికి లాగి నీళ్ళు చల్లింది.

సుద్దరాయి బుసబుసమంటూ ఉడికి, పగుళ్ళిచ్చి, పైపొర తెల్లటి పిండై రాలింది. ఆమె రాయి రెండు చెక్కలైంది. పాలతెలుపుకు తిరిగింది. అంతే. చేత్తో నలిపి చూసింది. రాయి రాయే.

మత్తయ్య మామ ఇంటి రాళ్ళు సున్నం కాలేదు. కాలిన ఇంట్లో ఆ రాళ్ళు ఉండి ఉంటే బూడిద ఎత్తినప్పుడు పగిలిన చెక్కలైనా దొరకాలి. బూడిద ఎత్తింది ఆమే. తట్ట తట్టకూ కన్నీళ్ళు తుడుచుకుంటూ ఎత్తింది. గూడు ఉన్న చోట బూడిద తప్ప ఏమీ లేదు. మత్తయ్యే అన్నాడు, సున్నమైపోయినయి బిడ్డా అని. సున్నపు బట్టీల మధ్య బతికే ఊరు, ఇంకో మాట అడగలేదు. తెల్లరాయి కాలితే సున్నం కాక ఏమవుతుంది!

 ఈ గడప మీద గుమ్మరించిన జొన్నలు కళ్ళ ముందు కదిలాయి.

*

మత్తయ్య వేపచెట్టు నీడలో మోట బొక్కెనకు తోలు అతుకు వేస్తున్నాడు. బొక్కెన బిక్షానిది. రేపు పొద్దున బావి తోడాలి గనక అతను అక్కడే గొంతుక్కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ప్రార్థనకు ఇంకా పొద్దుంది.

దేవమ్మ వచ్చి వాళ్ళ ఎదురుగా కూర్చుంది. బిక్షం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"రా బిడ్డా. అయ్యగారు వచ్చిండా?"

"రాలే మామా."

మత్తయ్య ఆరెతో తోలుకు బెజ్జం పొడిచి, తోలుదారం ఎక్కించి, బొటనవేలికి మెలిపెట్టి లాగాడు. ఆమె చూస్తూ కూర్చుంది. ఆ చేతులు అందమైన చేతులు. పని తెలిసిన చేతులు.

ఆమె ఒడిలో నుంచి రెండు రాతి చెక్కలు తీసి తోలు మీద పెట్టింది.

"ఇది నా రాయి. పొద్దటి నుంచి పొయ్యిల కాల్చిన."

"నీ రాయా? ఎందుకు కాల్చినవ్?" ఆ గొంతులో నిజమైన దిగులు ఉంది.

"సున్నమైతదేమో సూద్దామని. నీళ్ళు పోసినా ఉడకలే." ఆమె గొంతు పెంచలేదు. "మామా, అచ్చమ్మత్తకు రాయి ఎందుకు పెట్టలే?"

బిక్షం చుట్ట నోట్లో నుంచి తీశాడు. ఆ చెక్కల వంక, దేవమ్మ వంక, మత్తయ్య వంక చూశాడు.

మత్తయ్య మిగిలిన బెజ్జాలలో దారం ఎక్కించాడు. చివర ముడి వేశాడు. పళ్ళతో కొరికి తెంపాడు. బొక్కెనను బిక్షం వైపు తోసి, ఆరెను పక్కన నేల మీద పెట్టాడు.

"నీళ్ళు కారవు ఇగ," అన్నాడు. "బిక్షం, నువ్వు కూడ ఇను. రెండోసారి చెప్పే శక్తి నాకు లేదు.

"లోయ జాడ చెప్పింది నేను. లాజరు గాదు. చిలుకూరు తొవ్వల క్యాంపోళ్ళు నన్ను లారీల ఎక్కిచ్చుకపోయిండ్రు. కొట్టిండ్రనుకుంటరేమో, కొట్టలే. కొడితే చెప్పకపోతునేమో. నీడల కూసోబెట్టిండ్రు, చాయ తాపిచ్చిండ్రు. నీ ఇంట్ల ఎందరున్నరని అడిగిండ్రు. పెండ్లాం, ఇద్దరు మనుమరాండ్లని చెప్పిన. లోపలుండంగనే గొళ్ళెం పెట్టి కాలుస్తమన్నరు, నవ్వుకుంటనే అన్నరు. చెప్పిన. చాయ తాగుకుంటనే చెప్పిన బిక్షం, నీ తమ్ముడు ఏ బండ కింద పండుకుంటడో గది గూడ చెప్పిన.

"ఇడిసిపెడితే ఇంటికొస్తున్న. మొరం గుంతల కాడ లాజరు ఎదురైండు. ఉరుకుతున్నడు. లారీలు కదిలినయి మామా, లోయల మనోళ్ళకు చెప్పాలె, నువ్వు గూడ రా అన్నడు. పోవద్దురా అన్న. లోయలోళ్ళు తప్పిచ్చుకుంటే నేనే చెప్పి పంపిన్నని క్యాంపోళ్ళు అనుకుంటరు. నా ఇల్లు... చెయ్యి పట్టుకున్న. గుంజుకున్నడు. ఆ కాలుతోటే ఎంత జోరుగ ఉరుకుతడనుకున్నవ్ బిడ్డా! గుంత అంచు మీద అందుకొని తోసిన. కింద బండకు తలకాయ తగిలింది.

"పొద్దు గుంకినంక పూడ్చిన. ఉట్టిగ మట్టి కప్ప బుద్ధి గాలే. ఇంటికి పోయి గూట్లున్నయన్నీ తెచ్చిన, నాది, అచ్చమ్మది, పొట్టకూటికి పోయిన కొడుకులయి కోడండ్లయి, మనుమరాండ్లయి. సిలువ పేర్చిన. పొద్దుగాల అచ్చమ్మ గూడు సూసి రాళ్ళేవని అడిగింది. దానికి ఏం చెప్పాల్నో తెల్వక నిలబడ్డ. గప్పుడే క్యాంపోళ్ళు వచ్చి ఇల్లు కాల్చిండ్రు. జాడ చెప్పినా కాల్చిండ్రు, గొళ్ళెం పెట్టలే, గంతే. గదే నాకు జవాబైంది. జగ్గయ్యపేట మాట గూడ నేనే పుట్టిచ్చిన. ఉప్పలమ్మ ముసల్ది కొడుకు బతికున్నడని ధైర్నంగ ఉంటదని పుట్టిచ్చిన్ననుకున్న చాన దినాలు. అబద్ధం. నేను బతకాలెనని పుట్టిచ్చిన.

"ఏం సూస్తున్నవ్ బిక్షం? ఎంటనే లాజరు పానం పోయిందా అని అడగనీకె వస్తలేదు గదా నీకు? పోలే. నేను గుంతల దిగిన. కండ్లు తెరిసిండు. దేవమ్మా, నేను తోసిన్నని వానికి తెల్వలే. కాలు జారి పడ్డననుకున్నడు. 'నాకేం గాలే మామా, నా కాడ కూసోకు. నువ్వు ఉరుకు, బిక్షం తమ్మునికి చెప్పు' అన్నడు. అప్పటికి లారీలు వాగు దాటలే. నేను ఉరికితే అందుకుందును. ఆ పోరగాండ్లిద్దరు ఇయ్యాల బతికుందురు. ఉరుకు మామా, ఉరుకు మామా అంటనే ఉన్నడు వాడు. నేను ఉరకలే. వాని చెయ్యి పట్టుకొని, తుపాకుల సప్పుడు ఇనబడేదాక ఆడనే కూసున్న."